సీల్ విప్పకముందే ఫోన్‌లో ఉండే మాల్వేర్

ఫోన్‌లో మాల్వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) పడింది అనగానే ఎవరైనా ముందు అడిగేది "ఏ లింక్ నొక్కావ్?" అనే. లేదా "ఎక్కడి నుంచో ఏదో యాప్ దించుకుని ఉంటావ్" అంటారు. నాకు ఈ మాట వింటే ఒళ్లు మండుతుంది. కొన్ని చవక ఫోన్లకు అవేవీ అక్కర్లేదు, సిమ్ వేసి నెట్ ఆన్ చేస్తే చాలు, మిగతాదంతా అదే చూసుకుంటుంది.

యూఎంఎక్స్ యూ686సీఎల్ అని ఒక ఫోన్ ఉంది. అమెరికాలో తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వ సబ్సిడీతో ఫోన్ సర్వీసు ఇచ్చే లైఫ్‌లైన్ పథకం కింద 35 డాలర్లకు అమ్మారు. 2020 జనవరిలో మాల్వేర్‌బైట్స్ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్లు దాని గుట్టు బయటపెట్టారు. అందులో అప్‌డేట్లు తెచ్చే యాప్ మనల్ని అడక్కుండా వేరే యాప్‌లు ఎక్కించేస్తుంది. పోనీ దాన్నైనా ఎలాగోలా ఆపుకోవచ్చు. కానీ అసలు సెట్టింగ్స్ యాప్‌లోనే మాల్వేర్ ఉంటే? అదే జరిగింది. సెట్టింగ్స్ తీసేస్తే ఇక ఆ ఫోన్‌తో ఏం చేసుకుంటాం!

కంపెనీవాళ్లే కావాలని పెట్టారని అనుకోవడం తేలిక. ట్రయాడా అనే ఇలాంటి మరో మాల్వేర్ విషయంలో గూగుల్ 2019లో చెప్పింది వేరేలా ఉంది. ఫేస్ అన్‌లాక్ లాంటి ఫీచర్ ఏదో కావాలి, సొంతంగా రాసుకునే స్తోమత లేదు, కాబట్టి ఫోన్ తయారీదారు సిస్టమ్ ఇమేజ్ (ఫోన్‌లో ఎక్కించే ఆపరేటింగ్ సిస్టమ్ కాపీ) మొత్తాన్ని బయటి వెండర్ చేతికిచ్చాడు. ఆ వెండర్ ఫీచర్‌తో పాటు ట్రయాడాను కూడా కలిపి తిరిగి పంపాడు. లియాగూ ఎం5 ప్లస్, నోము ఎస్10 లాంటి మోడళ్లలో ఇది ఉందని డాక్టర్ వెబ్ అనే యాంటీవైరస్ కంపెనీ 2017లోనే చెప్పింది. అంటే తయారీదారుకు తెలియకపోయి ఉండొచ్చు. అయినా నేను వాళ్లను వదలను. తన పేరు వేసి అమ్మే ఫోన్‌లో ఏముందో చూసుకోకపోవడం కూడా తప్పే, పైగా ఆ చూసుకునే ఖర్చు మిగిల్చుకోవడం వల్ల కూడా ధర అంత తక్కువకు వస్తోంది.

ట్రయాడా ఎక్కడ కూర్చుందో తెలిస్తే దాన్ని వదిలించుకోవడం ఎందుకు కష్టమో అర్థమవుతుంది. ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్ జైగోట్ అనే ఒకే ప్రాసెస్ నుంచి పుడుతుంది. అన్ని యాప్‌లూ వాడుకునే సిస్టమ్ లైబ్రరీలో, అంటే ఉమ్మడి కోడ్‌లో, మాల్వేర్ దూరిందంటే, మనం ఏ యాప్ తెరిచినా దానితో పాటు అదీ లేస్తుంది. అందుకే ఫ్యాక్టరీ రీసెట్ పనిచేయదు. రీసెట్ మన ఫొటోలు, యాప్‌లు, సెట్టింగులు ఉండే భాగాన్నే తుడుస్తుంది, సిస్టమ్ భాగం జోలికి పోదు. దొంగకు తాళంచెవి ఇచ్చి ఇల్లు కడిగినట్టన్నమాట. యాంటీవైరస్‌ది కూడా ఇదే గతి. ఉందని చూపిస్తుంది, తీసేసే అధికారం దానికి లేదు.

ఇంతా చేసి వాళ్లకేం వస్తుంది అంటే, చిన్న చిన్న మొత్తాలే, కానీ లక్షల ఫోన్ల నుంచి. కనపడకుండా ప్రకటనలు నొక్కడం ఒకటి. ఆఫ్రికాలో అమ్ముడైన టెక్నో డబ్ల్యూ2 ఫోన్లలో ట్రయాడా, ఎక్స్‌హెల్పర్ అనే ఇంకో మాల్వేర్ రెండూ దొరికాయి. జనం అడగని పెయిడ్ సబ్‌స్క్రిప్షన్లకు రిక్వెస్టులు పంపి ప్రీపెయిడ్ బ్యాలెన్స్ ఊడ్చేసే రకం ఈ ఎక్స్‌హెల్పర్. బ్యాలెన్స్ అయిపోతే మనం తిట్టేది నెట్‌వర్క్‌ను కదా, ఫోన్ మీద అనుమానమే రాదు. 2023లో ట్రెండ్ మైక్రో అనే సెక్యూరిటీ కంపెనీ రాసిన లెమన్ గ్రూప్ అనే సైబర్ నేరగాళ్ల ముఠా వ్యవహారం ఇంకా చిత్రం: మన ఫోన్‌కు వచ్చే ఓటీపీ మెసేజ్‌ను దారిలోనే చదివేసి, మన నంబర్ మీద ఎవరో ఖాతాలు తెరుస్తారు.

గూగుల్ 2018 నుంచి తయారీదారుల సిస్టమ్ ఇమేజ్‌లను బిల్డ్ టెస్ట్ సూట్ అనే పరీక్షలతో చూస్తోంది, మొదటి ఏడాదే 242 బిల్డ్‌లను, అంటే అలాంటి ఇమేజ్‌లను, ఆపింది. ఈ పరీక్ష గూగుల్ సర్టిఫికేషన్‌కు వచ్చే ఫోన్లకే. కాబట్టి కొత్త ఫోన్ చేతికి రాగానే ప్లే స్టోర్ సెట్టింగుల్లో అబౌట్ కింద ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్ చూడండి. డివైస్ సర్టిఫై కాలేదని ఉంటే వెనక్కి ఇచ్చేయండి, బేరం ఎంత బాగున్నా సరే. సర్టిఫై అయిందని చూపించినా పూర్తి భరోసా కాదు గానీ, లేనిదానికంటే నయం.

ఫోన్‌ను కంప్యూటర్‌కు తగిలించి ఏడీబీ (కంప్యూటర్ నుంచి ఆండ్రాయిడ్ ఫోన్‌కు ఆదేశాలిచ్చే టూల్) కమాండ్‌తో అనుమానం ఉన్న సిస్టమ్ యాప్‌ను మన యూజర్ ఖాతా వరకు తీసేయొచ్చు, విడి యాప్ అయితే ఇది పనిచేస్తుంది. లైబ్రరీలోనే ఉన్నదానికి మాత్రం తయారీదారు శుభ్రమైన అప్‌డేట్ పంపాల్సిందే. అది వచ్చేదాకా బ్యాంకుకు ఇచ్చిన నంబర్ ఉన్న సిమ్ ఆ ఫోన్‌లో వేయకండి.