పోలోను ట్రాక్‌కి తయారుచేసిన వరస: బ్రేకులు, టైర్లు, ఆ తర్వాతే సస్పెన్షన్

కారు ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ, 15 అంగుళాల చక్రాల మోడల్. బ్రేకులు ముందు వెంటిలేటెడ్ (లోపల గాలి ఆడే) డిస్కులు, వెనక డ్రమ్ములు, కంపెనీ టైర్లు 185/60 ఆర్15. వెళ్లాల్సింది చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న రేసు ట్రాక్‌కి. ల్యాప్ 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు, గడియారం ముల్లు తిరిగే దిక్కున. హైదరాబాద్ నుంచి అదే కారు నడుపుకుంటూ వెళ్లాలి, ట్రాక్ దిగాక అందులోనే ఇంటికి రావాలి. సగం నిర్ణయాలు ఈ షరతు వల్లే తేలిపోయాయి. లారీ మీద ఎక్కించి తీసుకెళ్లే కారుకైతే ఇక్కడి లెక్కల్లో చాలా వరకు పనికిరావు.

ఇంజిన్ జోలికి వెళ్లలేదు. రీమ్యాప్‌కి (ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడానికి) పెట్టే డబ్బు ముందు బ్రేకులకు పెట్టాలని ఎందుకంటానో ఒక చిన్న లెక్క చెబుతుంది. కారు, డ్రైవరు, సగం ట్యాంకు పెట్రోలు కలిపి 1200 కిలోలు అనుకుందాం. వేగం గంటకు 160 కిలోమీటర్ల నుంచి 80కి తగ్గిస్తే పోవాల్సిన శక్తి దాదాపు 890 కిలోజౌళ్లు. ఇందులో 80 శాతం ముందు బ్రేకుల మీదే పడుతుంది. ఒక్కో డిస్కు ఐదు కిలోలు అనుకుంటే, ఒక్క బ్రేకింగ్‌కే డిస్కు వేడి 150 డిగ్రీలు పెరుగుతుంది. హైవే మీద ఆ తర్వాత చల్లారడానికి చాలినంత టైం ఉంటుంది. ట్రాక్ మీద అది చల్లారకముందే ఇంకో మలుపు వచ్చేస్తుంది.

అందుకే మొదట మార్చింది బ్రేక్ ఆయిల్. బ్రేక్ ఆయిల్‌కి ఉన్న డాట్ 4 ప్రమాణం అడిగేది కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల మరుగు స్థానం, 3.7 శాతం నీరు పీల్చాక 155. రెండేళ్లుగా మార్చని ఆయిల్ ఈ రెండో అంకె వైపే నడుస్తూ ఉంటుంది. మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 అయితే కొత్తగా 312 డిగ్రీలు. అర లీటరు సీసాలు రెండు తీసుకున్నాను. మొత్తం పాతది పోయి కొత్త రంగు వచ్చేదాకా నాలుగు చక్రాలకూ కలిపి ఒక లీటరు సరిపోయింది. మూత తీసిన సీసాను వచ్చే నెలకి దాచుకోవద్దు, గాలిలోని తేమను తాగేస్తుంది. డాట్ 5 అని రాసి ఉన్నది సిలికాన్ ఆయిల్, దాన్ని ఇందులో కలపకూడదు. డాట్ 5.1 వేరే సంగతి, అది డాట్ 4తో కలుస్తుంది.

బ్లీడింగ్‌లో (పాత ఆయిల్, గాలి బయటికి తీయడంలో) జరిగే పెద్ద తప్పు, పైన డబ్బాలో ఆయిల్ అయిపోయేదాకా చూసుకోకపోవడం. గాలి ఏబీఎస్ (చక్రాలు లాక్ కాకుండా చూసే వ్యవస్థ) పంపులోకి వెళ్లిందా, పెడల్ ఎంత తొక్కినా గట్టిపడదు. అప్పుడు స్కానర్ తగిలించి పంపును తిప్పుతూ గాలి తీయాలి. ప్రతి పది తొక్కులకు ఒకసారి డబ్బా చూస్తే ఈ తలనొప్పి ఉండదు. ఆయిల్ బయటికి వదిలే నిపుల్ చిన్నది, 10 న్యూటన్ మీటర్లు దాటితే విరిగిపోయే సరుకు. స్పానర్‌ని చివర పట్టుకుని బలంకొద్దీ బిగించవద్దు.

తర్వాత ప్యాడ్లు, అంటే డిస్కును నొక్కి పట్టే పలకలు. పూర్తి రేసు ప్యాడ్ వేస్తే పొద్దున చల్లగా ఉన్నప్పుడు అసలు పట్టదు. ఊళ్లో మొదటి సిగ్నల్ దగ్గరే ప్రాణం మీదికి వస్తుంది. రోడ్డూ ట్రాకూ రెండూ చూసుకునే ఫెరోడో డీఎస్2500, ఈబీసీ ఎల్లోస్టఫ్ లాంటి రకం సరైన మధ్యదారి. కీచుమంటాయి, చక్రాలు నల్లబడతాయి, అది ఒప్పుకోవాలి. మారుస్తున్నప్పుడే డిస్కు మందం కొలవాలి. కొత్త డిస్కు 22 మి.మీ., 19కి వస్తే తీసేయాల్సిందే. ట్రాక్‌కి వెళ్లే డిస్కును నేను 20 దగ్గరే పక్కన పెడతాను, పలచనయ్యే కొద్దీ వేడి దాచుకునే ఇనుము తగ్గుతుంది కాబట్టి. ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ జారే గైడ్ పిన్నులకు మన మెకానిక్కులు అలవాటుగా గ్రీజు పూస్తారు. ఈ కారు కాలిపర్ రకంలో అవి శుభ్రంగా, పొడిగా ఉండాలి. గ్రీజుకు బ్రేకు దుమ్ము అంటుకుని పిన్ను పట్టేస్తే లోపలి ప్యాడ్ ఒక్కటే అరిగిపోతుంది.

కొత్త ప్యాడ్లను డిస్కుకు అలవాటు చేయడం తప్పించుకోలేని పని. ఖాళీ రోడ్డు మీద 80 నుంచి 30కి గట్టిగా ఎనిమిది పది సార్లు తగ్గించాలి, ఒక్కసారి కూడా పూర్తిగా ఆగకూడదు. తర్వాత పది నిమిషాలు బ్రేకు ముట్టుకోకుండా నడిపి చల్లార్చాలి. వేడి మీద కారు ఆపి పెడల్ మీద కాలు ఉంచితే ప్యాడ్ పదార్థం డిస్కు మీద ఒకేచోట అచ్చులా అంటుకుంటుంది. ఆ తర్వాత స్టీరింగ్ వణుకుతుంది. "డిస్క్ బెండ్ అయింది" అని గ్యారేజీల్లో చెప్పే కేసుల్లో చాలా వరకు ఈ మచ్చలే.

ట్రాక్ మీద బ్రేకు చేతులెత్తేస్తే కారణం పెడలే చెబుతుంది. పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతే ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుట్టాయని అర్థం. పెడల్ రాయిలా ఉండి కారు మాత్రం ఆగకపోతే ప్యాడ్ తన వేడి హద్దు దాటింది. మొదటిదానికి మందు ఆయిల్, రెండోదానికి ప్యాడ్. ఈ తేడా పట్టుకోకుండా పెద్ద కాలిపర్ కిట్ కొన్నవాళ్లు చాలామందే ఉన్నారు.

టైర్లు 195/55 ఆర్15 వేశాను. టైరు వ్యాసం 603 నుంచి 595 మి.మీ.కి దిగుతుంది, ఒక శాతం పైచిలుకు, స్పీడోమీటర్ ఆ మేరకు ఎక్కువ చూపిస్తుంది. కొనేటప్పుడు పక్కన ఉండే నాలుగంకెలు చదవాలి. 1423 అంటే 2023లో 14వ వారం. మూడేళ్లు షాపులో ఎండిన టైరు ఎంత పేరున్నదైనా గట్టిపడి ఉంటుంది. ట్రెడ్‌వేర్ (టైరు ఎంత నిదానంగా అరుగుతుందో చెప్పే) అంకె తక్కువైతే పట్టు ఎక్కువ, ఆయుష్షు తక్కువ. ఈ అంకె ఒక కంపెనీ టైర్ల మధ్య పోల్చుకోవడానికే నమ్మదగింది, ఎందుకంటే ఎవరి పరీక్ష వాళ్లే చేసుకుంటారు.

చక్రాలు కూడా మారుస్తున్నట్టయితే బోల్టు దగ్గర ఆగి చూడండి. ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ చక్రానికి బోల్టు కూర్చునే చోటు గుండ్రంగా, గిన్నెలా ఉంటుంది. బయట కొన్న అల్లాయ్‌లలో ఎక్కువ వాటికి శంఖువులా ఏటవాలుగా ఉంటుంది. పాత బోల్టు కొత్త చక్రానికి పడుతుంది, బిగుసుకున్నట్టే అనిపిస్తుంది, కానీ ఆనుకునేది సన్నటి గీత మీద మాత్రమే. రెండు సెషన్లలో వదులవుతుంది. బిగింపు 120 న్యూటన్ మీటర్లు, టార్క్ రెంచితో, చక్రం చల్లగా ఉన్నప్పుడు.

ఇక సస్పెన్షన్. ఇక్కడే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది.

పోలోకు ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, దాని ఊపు ఆపే డ్యాంపర్ కలిసిన నిలువు గొట్టం), వెనక టోర్షన్ బీమ్ (రెండు చక్రాలను కలిపే, మెలి తిరిగే దూలం). కంపెనీ నుంచి వచ్చే ముందు క్యాంబర్ (నిలువు నుంచి చక్రం వాలు; మైనస్ అంటే పైభాగం లోపలికి) మైనస్ అర డిగ్రీ చుట్టుపక్కల. మలుపులో కారు ఒరిగినప్పుడు టైరు బయటి భుజం మీద నడుస్తుంది, లోపలి సగం ఊరికే మోస్తాం. దీనికి గ్యారేజీలో దొరికిన సలహా: "క్యాంబర్ బోల్ట్ ఏస్తే అయిపోతది అన్నా, వెయ్యి రూపాయల పని." రెండు బోల్టులతో చక్రాన్ని మోసే ఇనుప భాగమైన నకుల్‌కు బిగించే స్ట్రట్ ఉన్న కార్లకు అది నిజమే. పోలోలో స్ట్రట్ గొట్టం నకుల్ లోపలికి దిగి, ఒకే బోల్టుతో నొక్కి పట్టి ఉంటుంది. క్యాంబర్ బోల్టు పెట్టే చోటే లేదు. సబ్‌ఫ్రేమ్‌ని (సస్పెన్షన్‌ని మోసే చట్రాన్ని) పక్కకు జరిపితే ఒకవైపు పెరిగినంత రెండోవైపు తగ్గుతుంది. అంటే కుడి ఎడమలు సమానం చేయడానికే తప్ప దేనికీ రాదు. మిగిలిన దారి స్ట్రట్ పైన మౌంట్ స్థానంలో, వాలు సర్దుకోనిచ్చే క్యాంబర్ ప్లేట్.

స్ట్రట్ తీయడానికి నకుల్ చీలికను విప్పార్చే స్ప్రెడర్ పనిముట్టు కావాలి. స్క్రూడ్రైవర్ దూర్చి సుత్తితో కొడితే నకుల్ పగులుతుంది. స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా పైన నట్టు విప్పవద్దు. డిగ్రీల లెక్కన తిప్పి బిగించే బోల్టులు ఒక్కసారి వాడేవే, కొత్తవి ముందే తెచ్చిపెట్టుకోవాలి. కింది ఆర్మ్ (చక్రాన్ని కారుకు కలిపే చేయి) బుష్ బోల్టులను కారు గాలిలో ఉండగా పూర్తిగా బిగిస్తే, కారు దిగగానే బుష్ రబ్బరు మెలి తిరిగి ఆర్నెల్లలో చిరుగుతుంది. బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు.

కారు కిందికి దించడంలో నా లెక్క 25 మి.మీ. దగ్గర ఆగింది. కాయిలోవర్‌లో (ఎత్తు సర్దుకునే స్ట్రట్‌లో) ఇంకా చోటు ఉంటుంది, ఫొటోలో బాగుంటుంది. కానీ మెక్‌ఫర్సన్ కారును బాగా దించితే కింది ఆర్మ్ చక్రం వైపు పైకెక్కుతుంది. కారు దేని చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు, కారు బరువు కేంద్రం కంటే ఎక్కువ దిగిపోతుంది. దించింది ఒరగకుండా ఉండాలని, వచ్చిన ఫలితం ఇంకా ఎక్కువ ఒరగడం. పైగా ప్రయాణం చాలక స్ట్రట్ బంప్ స్టాప్ (చివర్లో ఆపే రబ్బరు దిమ్మ) మీద కూర్చుంటుంది. ఆ క్షణంలో ముందు భాగం ఒక్కసారిగా గట్టిపడి టైరు జారుతుంది. మలుపు మధ్యలో ఉన్నట్టుండి ముక్కు బయటికి పోతోందంటే డ్యాంపర్ నాబ్ తిప్పే ముందు బంప్ స్టాప్ మీద నలిగిన గుర్తులు చూడండి. మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

వీల్ అలైన్‌మెంట్‌కి డ్రైవర్ సీటులో మూడు 25 కిలోల బియ్యం బస్తాలు పెట్టించాను, ట్యాంకు సగం. బస్తాలు చూసి నవ్వారు కానీ 75 కిలోలు ఒక పక్క కూర్చుంటే అంకెలు మారడం స్క్రీన్ మీద కనిపించింది. "గ్రీన్‌లోనే ఉంది సార్, ఇంకేం కావాలి" అన్నది అక్కడి మామూలు మాట. ఆ పచ్చరంగు కంపెనీ ఇచ్చిన హద్దులది. మనకు కావాల్సిన అంకెలు కాగితం మీద రాసిచ్చి, అవి వచ్చేదాకా నిలబడాలి. ముందు క్యాంబర్ రెండువైపులా మైనస్ 2.5, టో (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగిన కోణం) సున్నా. క్యాంబర్ కదిలిస్తే టో తనంతట తానే మారుతుంది కాబట్టి క్యాంబర్ ముందు, టో చివర. కొద్దిగా టో అవుట్ (చక్రాల ముందు అంచులు బయటికి) పెడితే కారు మలుపులోకి చురుగ్గా తిరిగేది, కానీ రానూపోనూ పన్నెండు వందల కిలోమీటర్ల పైన హైవే ఉంది. లోపలి అంచు తినేసేది ఎక్కువగా టో, క్యాంబర్ కాదు. వెనక బీమ్‌కి సర్దుబాటు లేదు, కొలత రాసుకుని వదిలేశాను.

ట్రాక్ రోజు పనంతా గాలి గేజీతోనే. పొద్దున చల్లగా నాలుగింటిలో 28 పీఎస్ఐ. మొదటి సెషన్: ఒక ల్యాప్ మెల్లగా, నాలుగు గట్టిగా, ఒకటి బ్రేకు తాకకుండా చల్లార్చడానికి. పిట్‌లోకి రాగానే రెండు నిమిషాల లోపే కొలిస్తే ముందు ఎడమ 37, ముందు కుడి 35, వెనక ఎడమ 33, వెనక కుడి 32. టైరులో గాలి పది డిగ్రీలు వేడెక్కితే పీడనం దాదాపు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. ఎడమది ఎక్కువ ఎక్కడానికి కారణం కుడి మలుపుల్లో బరువంతా అది మోయడం. ముందు రెండూ వేడి మీదే 34కి దించాను. వెనక రెండూ 36 చేశాను, ముందు చక్రాల డ్రైవ్ కారుకు వెనక కాస్త వదులైతే ముక్కు లోపలికి తిరుగుతుంది. వాన పడితే ఈ వెనక అంకె వెనక్కి తీసుకోవాలి, లేకపోతే కారు బొంగరమే.

టైరు భుజం మీద తెల్ల షూ పాలిష్ గీతలు గీస్తే ఎంతవరకు నేలకు తగిలిందో చెరిగిన చోటు చెబుతుంది. పక్కన చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది, చెరుగుడు దాని కొన దాటితే గాలి తక్కువ లేదా క్యాంబర్ తక్కువ. సూది దిగే థర్మామీటర్ ఉంటే ఇంకా స్పష్టం. లోపలి అంచు, మధ్య, బయటి అంచు కొలవాలి. మధ్య భాగం రెండంచుల కంటే వేడిగా ఉంటే గాలి ఎక్కువ. బయటి అంచు లోపలిదాని కంటే వేడిగా ఉంటే క్యాంబర్ చాలలేదు. పై నుంచి చూపించే ఇన్‌ఫ్రారెడ్ తుపాకీ ఈ పనికి రాదు, టైరు పైపొర పిట్‌లోకి వచ్చేలోపే చల్లారిపోతుంది.

డ్యాంపర్ నాబ్‌లో ఒకసారికి ఒకే మార్పు, ఒకే ఇరుసు మీద. క్లిక్కులు పూర్తి గట్టి స్థానం నుంచి వెనక్కి లెక్కపెట్టి రాసుకోవాలి. రీబౌండ్ (నలిగిన స్ప్రింగ్ తిరిగి లేచే వేగానికి వేసే పట్టు) మరీ బిగిస్తే వరస గతుకుల్లో స్ప్రింగ్ తిరిగి లేవడానికి టైం దొరక్క కారు కిందికి కిందికి కూర్చుంటుంది. నేను ముందు రెండు క్లిక్కులు వదులు చేశాక ట్రాక్ అంచు గట్టు (కర్బు) ఎక్కినప్పుడు టైరు గాల్లో తేలడం ఆగింది, ఇక దాన్ని ముట్టుకోలేదు.

పిట్‌లో ఆపాక హ్యాండ్‌బ్రేక్ లాగవద్దు. వేడి డ్రమ్ము మీద షూ నొక్కి ఉంచితే చల్లారేటప్పుడు పట్టేస్తుంది. చక్రానికి ఇటుకో చెక్కో అడ్డం పెట్టి గేరులో వదలాలి. ప్రతి సెషన్ ముందు చక్రాలు చల్లారాక బోల్టులు టార్క్ రెంచితో చూడాలి. ప్యాడ్ సగానికి వస్తే ఆ రోజుకి ముగించాలి. పలచని ప్యాడ్ వేడిని నేరుగా పిస్టన్‌కీ, దాని ద్వారా ఆయిల్‌కీ పంపిస్తుంది.

కాగితాల సంగతి ఒకటి. మన దేశంలో మామూలు కారు పాలసీలో వాడకం హద్దుల కింద వ్యవస్థీకృత రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ మినహాయించి ఉంటాయి. ట్రాక్ మీద గోడకు తగిలితే ఆ ఖర్చు మనదే అనుకుని వెళ్లాలి. సస్పెన్షన్ మార్పులకు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చదివి మొదలుపెట్టండి.

తిరుగు ప్రయాణానికి ముందు టైర్లు పూర్తిగా చల్లారేదాకా ఆగి కొలిస్తే ముందు ఎడమ 25, కుడి 27 ఉన్నాయి. వేడి మీద తీసేసిన గాలి అది. అలాగే హైవే ఎక్కితే టైరు పక్కలు వేడెక్కి చీలిపోయే ప్రమాదం. బంకులో నాలుగూ 32కి నింపి, పెడల్ రెండుసార్లు తొక్కి చూసి బయలుదేరాను. ఇంటికి వచ్చాక ముందు కాలిపర్ల నుంచి చెరో 50 మిల్లీలీటర్ల ఆయిల్ తీస్తే తేనెరంగు కాస్తా ముదిరింది. ఎడమ ముందు టైరు బయటి అంచు కుడిదానికంటే మిల్లీమీటరు ఎక్కువ అరిగింది. టైరు మీద బయటివైపు గుర్తే తప్ప తిరిగే దిక్కు బాణం లేదు కాబట్టి రెండు చక్రాలూ కుడి ఎడమలు మార్చి బిగించాను.