మాడ వీధుల్లో పొయ్యిల లెక్క

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఏ పూట చూసినా జనమే. అంతమాత్రాన అక్కడ జనాభా పెరిగిందనుకోవడానికి లేదు. ఆ వీధుల్లో తిరిగేవాళ్లు వేరు, రాత్రికి పడుకునేవాళ్లు వేరు, కాపురముండేవాళ్లు వేరు. 2001లో సుమారు 2.28 లక్షలున్న ఊరు 2011కి సుమారు 2.87 లక్షలైంది. ఆ లెక్క ఊరంతటిది. బేరి వీధిలోనో తీర్థకట్ట వీధిలోనో ఎన్ని కాపురాలు మిగిలాయో అది చెప్పదు. తెలుసుకోవాలంటే వీధి పట్టుకుని నడవాల్సిందే.

సెన్సస్‌లో కుటుంబానికి కొలత వంటిల్లు. విడిగా తలవాకిలి ఉంటే ఒక ఇల్లు, అందులో రెండు పొయ్యిలుంటే రెండు కుటుంబాలు. మీరూ అదే కొలత వాడండి, రేపు సెన్సస్ అంకెలతో పోల్చుకోవచ్చు. వీధికి ఒక పక్క మొదలుపెట్టి చివరిదాకా పోయి, రెండో పక్కన వెనక్కి రండి. ఒక్కో కట్టడానికి ఒక వరుస రాసుకోండి: ఎన్ని అంతస్తులు, ఒక్కో అంతస్తు దేనికి వాడుతున్నారు (కాపురం, అంగడి, లాడ్జి, గోడౌను, ఖాళీ), ఎన్ని పొయ్యిలు, ఎంతమంది, సొంతమా బాడుగా.

ఎక్కువమంది తప్పేది వాకిలి దగ్గరే. పాత ఇళ్లు సన్నగా, లోపలికి పొడుగ్గా ఉంటాయి. వీధి వైపు రెండు అంగళ్లు, వాటి మధ్య ఒక మనిషి పట్టే నడవ, దాని చివర మూడు కాపురాలు ఉండొచ్చు. నడవలోకి పోకుంటే ఆ మూడూ లెక్కలోకి రావు. కరెంటు మీటర్లు చూసి తేల్చేద్దామంటే అదీ కుదరదు: యూనిట్లు పెరిగేకొద్దీ రేటు పెరుగుతుంది కాబట్టి ఒకే కాపురానికి రెండు మీటర్లు పెట్టించుకునేవాళ్లున్నారు. వాకిట్లో ముగ్గు మంచి గుర్తే గానీ, అంగడి ముందరా ముగ్గేస్తారు కదా!

ఓటర్ల జాబితా ఇంకా మోసం. కాపురం తిరుచానూరు దారిలో కొత్త మిద్దెకు మారినా ఓటు పాత ఇంటి నంబరు మీదే ఉండిపోతుంది. దానికన్నా అంగన్‌వాడీ రిజిస్టరు నమ్మకమైంది. చంటిపిల్లల పేర్లు తగ్గుతున్నాయంటే వయసులో ఉన్న జంటలు బయటికి పోతున్నట్టే.

ఎందుకు పోతున్నారంటే, నెల బాడుగ కన్నా రోజు బాడుగ ఎక్కువ గిట్టుబాటు. ఇల్లు అన్నదమ్ముల మధ్య పంచుకుంటే ఒక్కొక్కరికి వచ్చేది మంచం వేసుకునే వెడల్పు. కారు నిలపడానికి చోటుండదు, నడిరాత్రి అంబులెన్సు సందులోకి రాలేదు. చివరికి మిగిలేది పెద్దవాళ్లు. పైఅంతస్తులోనేమో, లాడ్జీల్లో, హోటళ్లలో పనిచేసే కుర్రాళ్లు నలుగురైదుగురు ఒక గదిలో.

పొయ్యి లెక్క బోల్తా పడేది ఈ గదుల దగ్గరే. హోటల్లోనే తిని వచ్చి పడుకునేవాళ్లకు పొయ్యి ఉండదు. అక్కడ పరుపులూ చాపలూ లెక్కపెట్టండి. షిఫ్టులవారీగా ఒకే చాప మీద ఇద్దరు పడుకుంటారు, అదీ అడగాలి. పగలు పోతే తాళమే కనబడుతుంది. రాత్రి పదకొండు దాటాక కూడా ఒకసారి చూడండి.

రైల్వే స్టేషన్ ముందర పడుకున్నవాళ్లలో యాత్రికులెవరో, ఇల్లూ వాకిలీ లేనివాళ్లెవరో ఒక్క రాత్రిలో తేలదు. 2011లో సెన్సస్‌వాళ్లు ఇళ్లు లేనివాళ్లను ఫిబ్రవరి 28 రాత్రి లెక్కించారు. వీధి లెక్కకు మూడు రాత్రులు పోవడం మేలు. మూడు రాత్రులూ అదే చోట కనబడిన మనిషి ఇక్కడి మనిషే.

బ్రహ్మోత్సవాలప్పుడూ వైకుంఠ ఏకాదశికీ లెక్క పెట్టుకోవద్దు. మే నెల గంగమ్మ జాతరకు అసలే వద్దు: ఊరవతలికి మారిపోయిన కూతుళ్లూ కొడుకులూ పిల్లలతో సహా పాత ఇంటికి దిగుతారు, ఖాళీ అవుతున్న వీధి కళకళలాడుతుంది. ఫిబ్రవరి నయం, సెలవులు కావు గనక హాస్టళ్లలో పిల్లలుంటారు.

రెండేళ్లకు మళ్లీ పోయినప్పుడు కట్టడాల నంబర్లు మార్చకండి. 14వ ఇల్లు పడగొట్టి రెండుగా కట్టి ఉంటే 14, 14-ఎ అని రాసుకోండి. కొత్తగా నంబర్లేస్తే ఏ కాపురం పోయి ఏ లాడ్జి వచ్చిందో పోల్చడానికి ఆధారం ఉండదు.