పాడరు కదా?

ఆపరేషనుకు ముందురోజు సాయంత్రం సంతకాల కాగితాలు తెచ్చిన డాక్టరుగారు తలెత్తకుండానే అడిగారు: "మీరు పాడరు కదా?"

"లేదండీ" అన్నాను.

"అయితే ఇబ్బంది లేదు" అని ఎక్కడో టిక్కు పెట్టుకుని వెళ్లిపోయారు.

విజయనగరంలో ముప్పై అయిదేళ్లు పిల్లలకు సంగీతం చెప్పిన ఆవిడ కూతురిని నేను. బ్యాంకులో లెక్కలు చూసుకునేదాన్ని కనుక నా జవాబులో అబద్ధమేమీ లేదు. అయినా ఆ రాత్రంతా అమ్మకు తెలియకుండా ఏదో తప్పు చేసినట్టే ఉంది. అప్పటికి అమ్మ పోయి ఆరేళ్లు.

మెడ మీద ఉసిరికాయంత గడ్డ, స్కానింగు, సూది పరీక్ష, థైరాయిడ్‌కు పాపిల్లరీ రకం క్యాన్సర్ అన్న మాట, విశాఖపట్నంలో ఆపరేషను. అన్నీ మూడు వారాల్లో జరిగిపోయాయి. "క్యాన్సర్లలో ఇది మంచి రకం" అని చూడవచ్చినవాళ్లందరూ ధైర్యం చెప్పారు. ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్లు మండేది. అంత మంచిదైతే మీరే ఉంచుకోండి అనాలనిపించేది.

మెడలోని థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేశారు. లేచేసరికి గొంతు గాలిలా ఉంది. ట్యూబు వేశారు కదా, తగ్గిపోతుందన్నారు.

రెండో రాత్రి తొమ్మిదింటికి పెదవుల చుట్టూ చీమలు పాకుతున్నట్టు మొదలైంది. మత్తుమందు ప్రభావం అనుకుని ఊరుకున్నాను. ఆడవాళ్ల వార్డు, మా ఆయనను కింద హాలులో పడుకోమన్నారు. రెండు గంటలకు మెలకువ వచ్చేసరికి చేతులు నా మాట వినడం లేదు. బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోయింది, మిగతా వేళ్లు ఒకదానికొకటి అతుక్కుని కర్రల్లా నిలబడ్డాయి. బెల్లు మంచం కింద పడి ఉంది. పిలుద్దామని నోరు తెరిచాను. "అమ్మా" అన్నాననే అనుకున్నాను. గాలి తప్ప ఏమీ రాలేదు.

మళ్లీ అరిచాను. పక్క మంచం మీద దుప్పటి కూడా కదలలేదు.

బల్ల మీది స్టీలు గ్లాసును రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని మంచం ఊచకేసి కొట్టాను. నీళ్లన్నీ మీద ఒలికాయి. కొడుతూనే ఉన్నాను. పక్క రోగికి తోడు వచ్చిన పెద్దావిడ లేచి, నన్ను చూసి, చెప్పులు లేకుండానే పరుగెత్తింది. వచ్చిన నర్సుకు ఇరవై రెండేళ్లుంటాయేమో. నా చేతులు చూసింది, చెవి ముందు బుగ్గ మీద వేలితో తట్టింది. పెదవి అదిరింది. "కాల్షియం పడిపోయిందమ్మా, భయపడకండి" అని డ్యూటీ డాక్టరుకు ఫోను చేసింది. ఆయన నిద్రమొహంతోనే వచ్చి నరంలోకి మందు మెల్లగా, చాలా మెల్లగా ఎక్కించారు. ఆ అమ్మాయి నా వేళ్లను ఒక్కొక్కటిగా విడదీస్తూ కూర్చుంది. ఆమె పేరైనా అడగలేదు. అడగడానికి గొంతెక్కడిది?

థైరాయిడ్ వెనుక బియ్యపు గింజంత గ్రంథులు నాలుగు ఉంటాయని, వాటికి దెబ్బ తగిలితే కాల్షియం పడిపోతుందని మర్నాడు చెప్పారు. పెదవులు తిమ్మిరెక్కితే వెంటనే చెప్పమని ఒక్క ముక్క ముందే అని ఉంటే తొమ్మిదింటికే చెప్పేదాన్ని కదా! పాడతానా లేదా అని అడగడానికి దొరికిన తీరిక దీనికి దొరకలేదు. ఈ ఆపరేషనుకు వెళ్లేవాళ్లు గొంతు నరం గురించీ కాల్షియం గురించీ మీరే అడగండి. మొహమాటపడకండి.

తరువాత తేలిందేమిటంటే, ఎడమ స్వరతంత్రి కదలడం లేదు. దాన్ని కదిలించే ఆ పక్క నరం మెడలోంచి ఛాతీలోకి దిగి, గుండె నుంచి వచ్చే పెద్ద ధమని కింద మలుపు తిరిగి మళ్లీ పైకి వస్తుందట. నరం తెగలేదు, ఆరునెలలు చూద్దాం అన్నారు. స్పీచ్ థెరపిస్టు గడియారం పట్టుకుని "ఊపిరి ఉన్నంతసేపు ఆ అనండి" అంది. నాలుగు సెకన్లు. "పదిహేనైనా రావాలి. రోజూ ఇంట్లో చేయండి."

నవ్వొచ్చింది. మా వసారాలో తెల్లవారుజామున అమ్మ చేయించింది అదే కదా.

అమ్మ చదివింది మహారాజా సంగీత కళాశాలలో. 1919లో మొదలైన ఆ కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. విద్యార్థిగా చేరడానికి వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిన్ విని దాసుగారు ఏకంగా పాఠం చెప్పే పని ఇచ్చారంటారు. "ఆయన నేర్చుకుందామని వచ్చి గురువయ్యారు, మీరు నేర్చుకోవడానికి వచ్చి గోళీలాడుతున్నారు" అని అమ్మ పిల్లలను తిట్టేది. వంటింట్లో పప్పు రుబ్బుతూనే "గాంధారం జారింది!" అని కేకవేసేది. ఫీజుల పుస్తకంలో కొన్ని పేర్ల ఎదురుగా "తరువాత" అని రాసి ఉండేది. ఆ "తరువాత" ఏ నెలా రాలేదు.

పరాయి పిల్లల గడ్డం పట్టుకుని నోరు తెరిపించే అమ్మ మీద నాకు కోపం. తొమ్మిదో తరగతిలో ఇక పాడనన్నాను. "సరే, చదువుకో" అంది. నా చాప చుట్టి అటక మీద పెట్టింది. అంతే. బతిమాలుతుందని చాలా రోజులు చూశాను.

ఇన్నేళ్లకు ఇప్పుడు శ్రుతిపెట్టె దించాను. తిత్తికి అమ్మ అంటించిన ప్లాస్టరు పట్టీ అలాగే ఉంది. అమ్మ ఐదున్నర శ్రుతిలో పాడేది. నాకు అంతకన్నా కిందిదైన నాలుగు కూడా బరువే. మాయామాళవగౌళ రాగం, మొదటి సరళీ స్వరం, అన్నిటికన్నా నెమ్మదిగా పాడే మొదటి కాలం. మధ్యమం దాటేసరికి ఊపిరి అయిపోయేది. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకుని, కాఫీ కోసం ఎదురుచూడవలసిన గంటలో ఇదే పని. ఏడు సెకన్లు, తొమ్మిది, మళ్లీ ఆరు. కొన్ని రోజులు పెట్టెను తన్నాలనిపించింది. ఒకసారి తన్నాను కూడా.

అయిదో నెలలో ఒక ఉదయం పై షడ్జం పగిలిపోతూనే తగిలింది. పూజగదిలోంచి అత్తయ్య గబగబా వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆ ఏడాది సిరిమాను పండుగకు పైడితల్లమ్మ మొక్కు తీర్చింది. నరం తనంతట తానే కోలుకుందని డాక్టర్లు, అమ్మవారి చలవని అత్తయ్య, సరళీ స్వరాలని నేను.

మొన్న ఏడాది పరీక్షకు వెళితే కొత్త డాక్టరమ్మ ఫైలు తిరగేస్తూ అడిగింది: "మీరు పాడతారా?"

"పాడతానండీ. మూడో కాలంలో కాస్త తడబడతాను" అన్నాను.