పన్నెండో ఆదివారం: గొడవ సద్దుమణిగాక చూడాల్సింది

చింపాంజీలను చూడటం మొదలుపెట్టి ఈ ఆదివారానికి పన్నెండు వారాలు. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరా జూ కొండవాలు మీద ఉంటుంది. అక్కడి చింపాంజీల ఆవరణ పేరు బుడోంగో ట్రయల్, 2008లో తెరిచారు. లోపల మూడు పెద్ద గదులు, బయట గడ్డి, ఎక్కడానికి ఎత్తైన దుంగలు, తాళ్లు, చుట్టూ నీళ్ల కందకం. చింపాంజీలకు ఈత రాదు కాబట్టి నీళ్లే కంచె. గదుల మధ్య సొరంగాలున్నాయి. ఎవరితోనైనా పడకపోతే పక్క గదికి వెళ్లిపోవచ్చు. వాటికి అది గొప్ప సౌకర్యం. రాసుకునే నాకు మాత్రం చూస్తున్న జంతువు ఉన్నట్టుండి మాయమవుతుంది.

పది గంటలకు గేటు తీయగానే వెళ్లిపోతాను. జనం తక్కువ, అద్దం మీద వేలిముద్రలు కూడా తక్కువ. ముదురు రంగు జాకెట్ వేసుకుంటే అద్దంలో మన నీడ అడ్డురాదు. 8×42 బైనాక్యులర్స్ బయట చూడటానికే పనికొస్తాయి, లోపల కళ్లు చాలు. వాన పడితే అన్నీ లోపలికే వస్తాయి, అందుకే వాన రోజులే నాకు బాగా కలిసొచ్చాయి.

ఐదో వారంలో పెద్ద తప్పు దొరికింది. రెండు ఆడ చింపాంజీలను వెనకవైపు గులాబీ రంగు వాపుతో గుర్తుపెట్టుకున్నాను. ఆ వాపు సుమారు 35 రోజుల రుతుచక్రంతో పెరిగి తగ్గేది. ఒకదానికి తగ్గేసరికి ఇంకోదానికి వచ్చింది, నేను పేర్లు తారుమారు చేసేశాను. నాలుగు ఆదివారాల రాతలు కొట్టేయాల్సి వచ్చింది. చాలా బాధేసింది. ఇప్పుడు చెవులనే నమ్ముతున్నాను: అంచు చినిగిందా, ఎంత వెడల్పు, తలకు ఎంత ఎడంగా ఉంది. ఒక్కోదానికి ఒక పేజీ, రెండు చెవుల బొమ్మలు.

రాసే పద్ధతి కూడా మార్చాను. మొదట్లో కంటికి కొట్టొచ్చినట్టు కనిపించిందే రాసేదాన్ని, దాంతో నోట్‌బుక్ నిండా అరుపులే. జంతువుల ప్రవర్తనను అధ్యయనం చేసిన శాస్త్రవేత్త జీన్ ఆల్ట్‌మన్ 1974లోనే ఈ చిక్కు గురించి రాశారు. ఇప్పుడు ఒకే జంతువును పది నిమిషాలు చూస్తాను. నిమిషానికోసారి ఫోన్ వైబ్రేట్ అవుతుంది, ఆ క్షణంలో చేస్తున్న పనికి ఒక అక్షరం: 'తి' తినడం, 'ని' నిద్ర, 'ఆ' ఆట, 'పే' పేలు చూడటం. నిజానికి వెతికేది పేల కోసమే కాదు, కానీ అరుగు మీద మా అమ్మ పిన్ని తలను అలాగే చూసేది. నాకు వేరే మాట రావడం లేదు.

ఈ ఆదివారం నేను 'చిల్లుచెవి' అని పిలుచుకునే మగ చింపాంజీ ఒళ్లంతా రోమాలు నిక్కబొడుచుకుని, హూ హూ అంటూ స్వరం పెంచుకుంటూ వచ్చి తలుపును దబదబా బాదాడు. కుర్ర మగ చింపాంజీ ఒకణ్ని తరిమాడు. ఆ కుర్రవాడు పళ్లన్నీ బయటపెట్టి కీచుమన్నాడు. పక్కన ఒక పాప "నవ్వుతున్నాడు!" అంది. అది భయం. ఆడుకునేటప్పుడు నోరు తెరుచుకుంటుంది కానీ పై పళ్లు చాలావరకు పెదవి చాటునే ఉంటాయి.

ఇదివరకైతే అక్కడే నోట్‌బుక్ మూసి కాఫీకి వెళ్లేదాన్ని. ఈసారి కదల్లేదు. పద్నాలుగో నిమిషంలో కుర్రవాడు నాలుగు అడుగుల దూరం దాకా వచ్చి ఆగి, అరచేయి పైకి పెట్టి చాచాడు. చిల్లుచెవి చాలాసేపు అటు చూడలేదు. తర్వాత ఆ చేతిని నోటి దగ్గరికి తీసుకున్నాడు. ఆ తర్వాత వరసగా 'పే', 'పే', 'పే'. నెదర్లాండ్స్‌లోని ఆర్న్‌హెమ్ జూలో కోతిజాతుల ప్రవర్తనను అధ్యయనం చేసిన శాస్త్రవేత్త ఫ్రాన్స్ డి వాల్ గమనించి 1979లో ప్రచురించిన రాజీ ఇదే. అద్దానికి అడుగు దూరంలో నిలబడి చూస్తుంటే నా చేయి వణికింది, ఆ పేజీలో అక్షరాలు వంకరగా ఉన్నాయి.

ఒక్కసారి చూసినంత మాత్రాన ఏదీ తేలదు. గొడవ లేని రోజు కూడా వాళ్లిద్దరూ అలాగే దగ్గర కూర్చుంటారేమో. అందుకే వచ్చే ఆదివారం అదే సమయానికి, అదే కుర్రవాణ్ని, అరగంట చూడాలి. పేజీలో గీతలు ఇప్పుడే కొట్టి పెట్టుకున్నాను.