నొక్కాక ఏమవుతుంది?

డిజైన్ విద్యార్థులు తెచ్చే మొదటి ప్రోటోటైప్ (నమూనా) చూడటానికి చాలా బాగుంటుంది. రంగులు కుదురుతాయి, అక్షరాలు పొందిగ్గా ఉంటాయి, ఫిగ్మా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక స్క్రీన్ నుంచి ఇంకో స్క్రీన్‌కి మెత్తగా జారుతుంది. నేను అడిగేది ఒకటే: "ఈ బటన్ నొక్కాక జవాబు రావడానికి నాలుగు సెకన్లు పట్టిందనుకో, అంతసేపూ ఆ మనిషికి ఏం కనిపిస్తుంది?" దానికి మాత్రం స్క్రీన్ గీసి ఉండదు.

విశాఖలో ఇంటరాక్షన్ డిజైన్, అంటే మనిషికీ యంత్రానికీ మధ్య జరిగే మాటామంతీని తీర్చిదిద్దడం, చెప్తున్న నాకు, సెమిస్టర్ అంతా నేర్పాల్సింది ఆ మధ్య సమయమే అనిపిస్తుంది. 1968లోనే రాబర్ట్ మిల్లర్ అనే పరిశోధకుడు దీనిమీద పరిశోధనా పత్రం రాశాడు. సెకనులో పదో వంతులో జవాబొస్తే పని మన చేత్తోనే జరిగినట్టుంటుంది. ఒక సెకను వరకు ఆలోచన తెగదు. పది సెకన్లు దాటితే ధ్యాస వేరే పని మీదికి పోతుంది. ఈ అంకెలు బోర్డు మీద రాస్తే పిల్లలు నోట్సులో ఎక్కించుకుంటారు, అంతే. అనుభవంలోకి రావాలంటే వేరే దారి పట్టాలి.

అందుకే ముందు ల్యాప్‌టాప్‌లు మూయిస్తాను. చార్టు కాగితం, కత్తెర, స్కెచ్ పెన్నులు: స్క్రీన్లన్నీ చీటీల మీదే గీయాలి. జట్టులో ఒకరు కంప్యూటర్. ఆ కంప్యూటర్ మాట్లాడకూడదు, సైగ చేయకూడదు, వేలు ఎక్కడ పడిందో చూసి అక్కడి చీటీ మార్చాలి.

ఒక జట్టు బస్సుల సమాచారం చెప్పే యంత్రం గీసింది. కాగితాలు పట్టుకుని ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వెళ్లాం. భీమిలి బస్సు కోసం ఖాళీ పూలబుట్టతో కూర్చున్న ఒక పెద్దావిడ సరేనంది. "భీమిలి" అన్న చీటీ మీద వేలు పెట్టింది. కంప్యూటర్‌గా ఉన్న అబ్బాయి తర్వాతి చీటీ కోసం కట్టంతా వెతుకుతున్నాడు. ఆవిడ మళ్లీ నొక్కింది. ఈసారి గట్టిగా, కాగితం వంగేలా. మూడోసారి నొక్కి అబ్బాయి ముఖంలోకి చూసింది. "ఇదేటి బాబూ, నొక్కితే పలకదేటి?"

అబ్బాయి నోరు విప్పలేదు, నియమం అది. కానీ అక్కడే బల్ల మీద ఒక కొత్త చీటీ రాశాడు: "భీమిలి బస్సులు చూస్తున్నాం." తర్వాత కూర్చున్నాయనకి వేలు పడగానే ముందు అది పెట్టి, ఆపైన వెతికాడు. ఆయన రెండోసారి నొక్కలేదు, ఆగాడు. యంత్రం వేగం మారలేదు, పలకడం మారింది. నేను గంటసేపు చెప్పినా ఇంత బాగా ఎక్కేది కాదు.

కాగితం తర్వాత ఆర్డువీనో, అంటే బటన్లు, లైట్లు తగిలించి ప్రోగ్రామ్‌తో నడిపించే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు. 2005లో ఇటలీలోని ఇవ్రేయాలో, ఇంటరాక్షన్ డిజైన్ సంస్థలో పుట్టిన బోర్డు అది, డిజైన్ విద్యార్థులు తక్కువ ఖర్చులో వాడుకోవాలని. దానికి పునాది వేసిన 'వైరింగ్' అనే ఎలక్ట్రానిక్స్ వేదిక అక్కడే చదివిన ఎర్నాండో బరగాన్ 2003లో మొదలుపెట్టిన థీసిస్ పని. ఒక విద్యార్థి పని ప్రపంచమంతా తిరిగిందని మా పిల్లలకి తెలియాలి కాబట్టి ఆ పేరు ప్రతి బ్యాచ్‌కీ చెప్తాను.

మొదటి పని ఒక బటన్, ఒక ఎల్‌ఈడీ, ఎన్నిసార్లు నొక్కామో లెక్క. ఒక్కసారి నొక్కితే మానిటర్‌లో అంకె ఒకటి నుంచి నాలుగుకి దూకుతుంది. "మేడమ్, బటన్ పాడైంది" అంటారు. పాడవలేదు. లోపలి లోహపు రేకులు కలిసేటప్పుడు కొన్ని మిల్లీసెకన్ల పాటు అదురుతూ తాకుతాయి, బోర్డు ప్రతి తాకిడినీ లెక్కేస్తుంది. జవాబు రాకపోతే మనిషి మూడుసార్లు నొక్కుతాడు, మనిషి ఒకసారి నొక్కితే యంత్రం మూడుసార్లు వింటుంది. రెండు వైపులా సర్దాల్సింది డిజైనరే.

ఆ తర్వాత ప్రోగ్రామ్‌ని కాసేపు ఆపే 'డిలే' అనే ఆదేశం దగ్గర తడబడతారు. డిలే 1000 అని రాస్తే లూప్ (ప్రోగ్రామ్‌లో మళ్లీ మళ్లీ నడిచే భాగం) సెకను పాటు అక్కడే ఆగుతుంది, ఆలోపు బటన్ నొక్కి వదిలేస్తే ప్రోగ్రామ్‌కి తెలియనే తెలియదు. దాని బదులు, ఎంతసేపైందో చెప్పే 'మిల్లిస్'తో టైం చూసుకుంటూ, మధ్యలో బటన్ వైపు ఒక చెవి వేసి ఉంచాలి. ఈ కోడ్ ఇప్పుడు ఏఐ రాసిచ్చేస్తుంది. రాయించుకోనిస్తాను, అభ్యంతరం లేదు. కానీ లైటు వెలుగుతుండగా నొక్కితే ఏమవుతుందో, ఎందుకో, కోడ్ చూడకుండా నాకు చెప్పాలి.

పోర్ట్‌ఫోలియోలో పెట్టే వీడియో మీద పిల్లలకి ఉండే టెన్షన్ నాకు తెలుసు, ఉద్యోగాలు దానితోనే ముడిపడ్డాయి. అయినా మార్కులు స్క్రీన్ల సంఖ్యకి వేయను. ఎదురుచూపు, పొరపాటు, నెట్ పోవడం, మధ్యలో మనసు మార్చుకోవడం: వీటికి జవాబు ఉందా లేదా అనే చూస్తాను. ఈ సెమిస్టర్ జట్లు మద్దిలపాలెం స్టాపు కోసం, చూపు లేనివాళ్లు నొక్కితే బస్సు నంబరు పలికే పెట్టె చేస్తున్నాయి. మూల్యాంకనం రోజు ముందుగా వైఫై ఆపేసి, ఆ తర్వాతే బటన్ నొక్కుతాను. ఆ సంగతి వాళ్లకి ఇప్పుడే చెప్పేశాను.