ఘన ఎలిమెంటుకు జ్యామెట్రిక్ స్టిఫ్‌నెస్

ఈ రోజంతా ఎనిమిది నోడ్ల (మూల బిందువుల) ఘన ఎలిమెంటుకు, అంటే కట్టడాన్ని ముక్కలు చేసి లెక్కించే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలోని ఇటుకలాంటి ముక్కకు, జ్యామెట్రిక్ స్టిఫ్‌నెస్ మ్యాట్రిక్స్ (లోపల ముందే ఉన్న ఒత్తిడి, అంటే స్ట్రెస్, వల్ల బిగువులో వచ్చే మార్పు) రాయడంతోనే గడిచింది. మా ఆఫీసు ప్రోగ్రాములో బీములకు ఇది ఎప్పటినుంచో ఉంది. ఘన ఎలిమెంట్ల జోలికి మాత్రం ఎవరూ పోలేదు. పెద్ద పని అనుకుని ఉంటారు. కాగితం మీద పెట్టి చూస్తే బీముకన్నా ఇదే తేలిక.

ఇక్కడ నోడ్లు జరగడమే తప్ప, బీములోలా భ్రమణాల గొడవే లేదు. గ్రీన్-లగ్రాంజ్ స్ట్రెయిన్‌లోని (పెద్ద కదలికలకూ సరిపోయే సాగుదల కొలతలోని) వర్గ పదాలను అప్పటికే ఎలిమెంటులో ఉన్న స్ట్రెస్‌తో గుణించి ఘనపరిమాణమంతటా సమాకలనం చేస్తే, ఏ రెండు నోడ్లు తీసుకున్నా వాటి షేప్ ఫంక్షన్ల (నోడ్ల కదలికను ఎలిమెంటంతటా పంచే సూత్రాల) గ్రేడియెంట్ల మధ్య స్ట్రెస్ మ్యాట్రిక్స్ ఇరుక్కుని ఒకే ఒక్క సంఖ్య వస్తుంది. ఎక్స్, వై, జడ్ దిశలు మూడింటికీ ఆ సంఖ్యే. అంటే పైకి 24×24గా కనిపించేది నిజానికి మూడుసార్లు పరచిన 8×8 మ్యాట్రిక్సే. ఇందులో యంగ్స్ మాడ్యులస్ (పదార్థపు గట్టిదనం) ఎక్కడా నేరుగా కనబడదు; బిగించిన వీణ తీగ పక్కకు లాగితే మొరాయించినట్లు, తన్యత ఉంటే ఇది బిగువును పెంచుతుంది, సంపీడనం ఉంటే తగ్గిస్తుంది. నోడ్లన్నింటినీ ఒకే దిశలో సమానంగా జరిపితే బలం సున్నా రావాలి; వచ్చింది.

మధ్యాహ్నం ఆయిలర్ స్తంభంతో (ఎంత భారానికి పక్కకు వంగిపోతుందో ఆయిలర్ సూత్రం చెప్పే స్తంభంతో) పరీక్షించాము. 1 మీటరు పొడవు, 20 మి.మీ. చదరపు ఉక్కు కడ్డీ, అడుగున బిగింపు, పైన స్వేచ్ఛ. మాడ్యులస్ 200 గిగాపాస్కల్ అనుకుంటే 6,580 న్యూటన్ల దగ్గర బక్లింగ్ (అలా పక్కకు వంగిపోవడం) కావాలి. మందానికి ఒకటే వరుసలో 50 మి.మీ. పొడవు ఎలిమెంట్లు పెట్టి, 8 గాస్ పాయింట్లతో (సమాకలనానికి విలువలు తీసుకునే బిందువులతో) నడిపితే ఆ భారం మూడు రెట్లకు పైగా వచ్చింది. "కొత్త కోడ్‌లోనే తప్పుందేమో సర్" అన్నాడు పక్కనున్న జూనియర్. నాకలా అనిపించలేదు. స్తంభంలో స్ట్రెస్ దాదాపు అంతటా ఒకే సంపీడనం కాబట్టి కొత్త మ్యాట్రిక్స్ దారి తప్పడానికి అవకాశమే తక్కువ. వంగినప్పుడు లేని షియర్‌ను (కోత వికృతిని) కల్పించుకుని, ఎలిమెంటు పొడవు-మందం నిష్పత్తి వర్గానికి తగ్గట్టు బిగుసుకుపోయేది మామూలు స్టిఫ్‌నెస్సే. విల్సన్ బృందం 1973లో ప్రతిపాదించిన ఇన్‌కంపాటిబుల్ మోడ్‌లను (ఎలిమెంటు సరిగ్గా వంగేలా చేసే అదనపు ఆకారాలను) అందులో చేర్చి, జ్యామెట్రిక్ భాగంలో ఒక్క అక్షరమూ ముట్టకుండా మళ్లీ నడిపితే జవాబు ఆయిలర్ విలువకు చాలా దగ్గరగా వచ్చింది. బక్లింగ్ భారం తేడా కొడితే అందరూ ముందు జ్యామెట్రిక్ భాగాన్నే ఎందుకు అనుమానిస్తారో!

రేపు ఇరవై నోడ్ల ఎలిమెంటు పట్టుకోవాలి. అక్కడా పద్ధతి ఇదే, 20×20ని మూడుసార్లు పరచడమే. గాస్ పాయింట్లు 27 పెట్టాలా, 8 చాలునా అన్నది మాత్రం తేల్చుకోవాలి.