నెట్ లేని బడికి వీఆర్ తీసుకెళ్లిన నా అనుభవం

ఫోన్ సిగ్నల్ కూడా సరిగ్గా అందని ఒక బడిలో వీఆర్ పాఠాలు, అంటే కళ్లకు హెడ్‌సెట్ తగిలించుకుంటే మనమే అక్కడ ఉన్నట్టు కనిపించే పాఠాలు మొదలుపెట్టడం, అక్కడి పెద్దవాళ్ల పనితనాన్ని చుట్టూ అన్ని వైపులా కనిపించే 360 డిగ్రీల వీడియోగా తీసి పిల్లలకు చూపించడం, ఈ రెండు పనులూ ఈమధ్యే ఒక కొలిక్కి వచ్చాయి. ఇలాంటి పని తలపెట్టినవాళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నా.

నెట్ ఉండదు అనుకునే ప్రతి ఏర్పాటూ చేసుకోవాలి. హెడ్‌సెట్ పెట్టె విప్పగానే అకౌంట్ అడుగుతుంది, అప్‌డేట్ అడుగుతుంది, అవి అయ్యేదాకా ముందుకు కదలదు. అందుకని నెట్ బాగున్న చోటే ఆ తతంగమంతా ముగించి, వీడియోలను కేబుల్‌తో హెడ్‌సెట్ మెమరీలోకి ఎక్కించి, వైఫై ఆపేసి ఒక్కొక్కటీ ఆడించి చూశాకే బ్యాగులో సర్దాం. వైఫై తీయగానే కొన్ని యాప్‌లు తెరుచుకోనే లేదు, వాటిని అక్కడే వదిలేశాం. ఎవరో నడిపే సర్వీసు మీదే పాఠమంతా ఆధారపడటం నాకు మొదటినుంచీ ఇష్టం లేదు. గూగుల్ 2015లో బడుల కోసం మొదలుపెట్టిన ఎక్స్‌పెడిషన్స్ అనే వీఆర్ యాత్రల యాప్‌ను 2021లో ఆపేసింది. అందుకే మా వీడియోలు మామూలు ఎంపీ4 ఫైళ్లుగా మా దగ్గరే ఉండాలని పట్టుబట్టాను.

హెడ్‌సెట్లు తక్కువ, పిల్లలు ఎక్కువ. ఒక గుంపు వీఆర్ చూస్తుంటే మిగతావాళ్లు ఖాళీగా కూర్చోకుండా రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో కొలిబ్రి అనే పాఠాల సాఫ్ట్‌వేర్ పెట్టాం. అది ఉచితం, ట్యాబ్‌లను దాని వైఫైకి కలిపితే చాలు, బయటి నెట్ లేకుండానే పాఠాలు వస్తాయి. హెడ్‌సెట్ చార్జింగ్ సుమారు రెండు గంటలే వస్తుంది కాబట్టి కరెంటు ఉన్నప్పుడే అన్నీ నింపుకోవాలి. ఇంకో సంగతి, హెడ్‌సెట్‌ను ఎండ పడే కిటికీ పక్కన అస్సలు పెట్టొద్దు, కటకాల గుండా ఎండ లోపలికి పడితే తెర కాలిపోతుంది.

వయసు దగ్గర మాత్రం రాజీ పడలేదు. ఫేస్‌బుక్ కంపెనీ మెటా తన హెడ్‌సెట్లకు మొదట 13 ఏళ్ల పరిమితి పెట్టింది, 2023లో తల్లిదండ్రుల అదుపులో ఉండే అకౌంట్లతో దాన్ని 10కి తగ్గించింది. అంతకన్నా చిన్నపిల్లలకు అదే వీడియోను ట్యాబ్‌లో చూపించాం, ట్యాబ్‌ను అటూ ఇటూ తిప్పితే చుట్టూ కనిపిస్తుంది, వాళ్లకు అదే సంబరం. కెమెరా కదిలే వీడియోలు పూర్తిగా మానేశాం. కళ్లేమో కదులుతున్నామంటాయి, చెవి లోపలి భాగమేమో కూర్చునే ఉన్నామంటుంది, దాంతో కడుపులో తిప్పుతుంది.

ఇక నాకు ప్రాణం పెట్టాలనిపించిన భాగం, మగ్గం మీద నేసే ఒక అవ్వ పనిని రికార్డు చేయడం. 360 కెమెరాకు ముందొకటి, వెనకొకటి రెండు కటకాలుంటాయి, రెండు బొమ్మలనూ కలిపి ఒకటిగా అతుకుతారు. ఆ అతుకు పడేచోట కెమెరాకు దగ్గరగా ఉన్న వస్తువులు తెగిపోతాయి. పరీక్షకు తీసిన వీడియోలో అడ్డదారాన్ని మోసే నాడె ఇటునుంచి అటు పరిగెత్తేచోట అవ్వ వేళ్లు రెండుగా చీలినట్టు వచ్చాయి. ఒక కటకం నేరుగా మగ్గాన్ని చూసేలా తిప్పితే సరిపోయింది. కెమెరాను కూర్చున్న పిల్లల కంటి ఎత్తులో పెట్టాం, ఎందుకంటే నిలబడ్డ మనిషి ఎత్తులో పెడితే బెంచీ మీద కూర్చుని చూసేవాళ్లకు గాల్లో తేలుతున్నట్టు ఉంటుంది. 5.7కె కెమెరా అన్నా ఆ 5760 పిక్సెళ్లూ చుట్టూ పంచుకోవాలి, 90 డిగ్రీల మేర చూస్తే కళ్లముందుండేవి 1440 మాత్రమే. దారం ముడి వేసే తీరు అందులో తెలియదు, దాన్ని మామూలు కెమెరాతో దగ్గరగా విడిగా తీశాం. మెష్‌రూమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఫొటోల నుంచి మగ్గానికి త్రీడీ నమూనా చేసి చూస్తే చెక్క చట్రం చక్కగా వచ్చింది, దారాలు మాత్రం రాలేదు. సన్నటి వాటిని ఆ పద్ధతి పట్టుకోలేదు.

తీసింది ముందు అవ్వకే చూపించాం. హెడ్‌సెట్ తీసి, "ఇదెవరెవరు చూస్తారు నాయనా?" అని అడిగింది. పని చేసుకుంటూ పాడుకునే పాట మాత్రం బయటికి వెళ్లొద్దంది, దాన్ని తీసేశాం. సంస్కృతి ఎవరిదో వాళ్లకు దాన్ని కాపాడే పనిలో భాగం ఉండాలని యునెస్కో 2003 ఒప్పందంలోనే ఉంది, అది లేకపోయినా అడగడం మన ధర్మం. ఏది చూపించవచ్చో, ఎవరికి చూపించవచ్చో కాగితం మీద రాసి, ఆమెకు చదివి వినిపించాకే సంతకం తీసుకున్నాం.

క్లాసులో చూపించిన రోజు ఒక అబ్బాయి తల కిందికి వంచి, "సార్, అవ్వ కాళ్లు కూడా నేస్తున్నాయి!" అని అరిచాడు. రోజూ ఆ ఇంటి ముందునుంచే బడికొస్తాడు. గడపలోంచి చూస్తే చేతులే కనిపిస్తాయి, మగ్గం కింద తొక్కుడు కర్రలు కనిపించవు. మామూలు వీడియోలో అయితే మేం ఏది చూపిస్తే అదే చూసేవాడు. టీచర్ అక్కడే అందుకుని, ఏ కాలు తొక్కితే ఏ దారాలు లేస్తాయో పలక మీద గీయించి, అంచు డిజైన్‌ను లెక్కల పాఠంగా మార్చేశారు. ఇంత ఖర్చు, ఇంత శ్రమ దేనికని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఆ పాఠం గురించే.

ఇప్పుడు ఆ వీడియో ఒక కాపీ బడి హార్డ్ డిస్కులో, ఒకటి అవ్వ ఇంట్లో, ఒకటి నా దగ్గర ఉన్నాయి. తర్వాతది కుండలు చేసే తాత పని. ఆయనను పిల్లలే వెళ్లి ఒప్పించారు, కెమెరా ఎక్కడ పెట్టాలో కూడా ఈసారి వాళ్లే తేలుస్తారు.